నడచిన నాటకము: కూచిపూడి నుండి మేలట్టూరు వఱకు

తెలుగువారి నాటకమునకు తొలినాళ్ళలో గోడలు లేవు, పైకప్పు లేదు. ఊరి నడివీథియే రంగస్థలము. దేవాలయమున కెదురుగా నాలుగు గుంజలు పాతి, తాటాకు పందిరి వేసినచో అదియే నాటకశాల. ప్రేక్షకులు నాటకమును వెదకికొని పోవలసిన పని లేదు; నాటకమే కాలినడకను వారి ముంగిటికి వచ్చెడిది. అందువలననే దానికి వీథినాటకమను పేరు కలిగినది. దానిని ప్రదర్శించువారిని మన పూర్వులు భాగవతులని గౌరవించిరి. వారి సమూహమునకు మేళమని పేరు.

ఈ నడచు నాటకము రెండు పల్లెలను చరిత్రలో నిలిపినది. ఒకటి కృష్ణాతీరమునకు చేరువనున్న కూచిపూడి. రెండవది కావేరీ మండలములోని మేలట్టూరు. మొదటిది తెలుగునాట నున్నది. రెండవది తమిళనాట నాలుగు శతాబ్దములుగా తెలుగు నాటకమును దైవకార్యముగా కాపాడుచున్నది. స్వస్థలమును విడిచి తరతరములుగా పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మనబోటి కుటుంబములకు ఈ రెండు పల్లెల కథ తెలిసికొనదగినది.

కూచిపూడి కృష్ణాజిల్లాలో మొవ్వకు సమీపమున నున్న గ్రామము. పదకర్త క్షేత్రయ్య ఆరాధించిన మువ్వగోపాలుని మువ్వ ఈ మొవ్వయే. కూచిపూడిలో రామలింగేశ్వరస్వామికిని బాలాత్రిపురసుందరికిని ఆలయము కలదు. వేదాంతమువారు, వెంపటివారు, చింతావారు, భాగవతులవారు, పసుమర్తివారు, మహంకాళివారు మున్నగు బ్రాహ్మణ కుటుంబములు తరతరములుగా నాట్యమునే వృత్తిగా స్వీకరించినవి. ఇతర అగ్రహారములలో బాలురు వేదము వల్లించు వయస్సున, ఇచ్చటి బాలురు వేదముతోపాటు అడుగులును జతులును అభ్యసించెడివారు.

భాగవతుల సంచారమును గూర్చి మనకు లభించిన పాత ముచ్చట యొకటి మాచుపల్లి కైఫీయత్తులో నున్నది. కర్నల్ మెకంజీ సేకరింపించిన గ్రామచరిత్రలలో ఇది చేరినది. సిద్ధవటము సీమను సమ్మెట గురవరాజు అను సామంతుడు పాలించుచుండెను. పన్ను రాబట్టుటకై అతడు స్త్రీలను సైతము ఘోరముగా హింసించెడివాడు. ఆ మార్గమున పోవుచున్న కూచిపూడి భాగవతులు ఆ దురాగతమును కన్నులార చూచిరి. వారు విజయనగరము చేరి, వీరనరసింహరాయల కొలువులో కేళిక పట్టి, తాము చూచిన దానిని ఉన్నదున్నట్లు అభినయించి చూపిరి. ఒకడు గురవరాజయ్యెను, మఱియొకడు హింసపడు స్త్రీ యయ్యెను. రాయలు దాని భావమును గ్రహించి, సైన్యమును పంపి, గురవరాజును పట్టించి శిక్షించెనని కైఫీయత్తు చెప్పుచున్నది.

ఈ కథనుండి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. ఊరూర తిరుగువానికి ఊరూర కష్టము తెలియును. రాజు కొలువునకు పోలేని రైతు మొఱను కాలినడకను తిరుగు నటుడు మోసికొనిపోయెను. వార్తాపత్రికలు లేని కాలమున ఆ పనిని నెరవేర్చినవారిలో భాగవతు లొకరు.

కూచిపూడికి గురుస్థానీయుడు సిద్ధేంద్రయోగి. సత్యభామా శ్రీకృష్ణుల ప్రణయకలహమును ఇతివృత్తముగా గొని ఆయన భామాకలాపమును రచించెను. గ్రామములోని ప్రతి బ్రాహ్మణ బాలుడును జీవితకాలములో ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని ఆయన వారిచేత ప్రమాణము చేయించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఇది సామాన్యమైన నియమము కాదు. కళను అభిరుచిగల కొందఱి సొత్తుగా విడిచిపెట్టక, ఊరిలోని ప్రతి ఇంటికిని విధించిన బాధ్యతగా మార్చిన నియమమిది. నేర్పు ఉన్నను లేకున్నను ప్రతి ఇంటివాడును ఒకమాటు గజ్జె కట్టితీరవలెను. కావున ఆ ఊరిలో ఆట తెలియని ఇల్లుండుటకు వీలులేకపోయెను.

సత్యభామ ప్రవేశము కూచిపూడివారి ఆటలో పేరుగాంచిన ఘట్టము. ఇద్దఱు పట్టుకొన్న తెర వెనుక నుండి ముందుగా పాత్ర కనబడదు. తెరమీదుగా పొడవైన జడ మాత్రము వ్రేలాడును. తన విద్యలో తన్ను మించినవారున్నచో ముందునకు వచ్చి ఆ జడను పట్టుకొమ్మని నటుడు విసరిన సవాలుగా దానిని పెద్దలు వ్యాఖ్యానించెడివారు. కొత్త ఊరికి నడచివచ్చి, పరిచయము లేని పండితుల నడుమ నిలిచి, మొదటనే అట్టి సవాలు విసరుటకు ఎంతటి విద్యాబలము కావలెనో పాఠకులే ఊహింపవచ్చును.

గోలకొండ నేలిన కడపటి కుతుబ్‌షాహీ ప్రభువు అబుల్ హసన్ తానీషా 1672 నుండి 1687 వఱకు రాజ్యము చేసెను. ఆయన మచిలీపట్టణ ప్రాంతమునకు వచ్చినప్పుడు ఈ భాగవతుల ఆటను చూచి ఆనందించి, కూచిపూడిని వారికి అగ్రహారముగా నిచ్చెనని ప్రతీతి. కృష్ణకథ నాడిన బ్రాహ్మణులకు ముసల్మాను ప్రభువు గ్రామదానము చేసిన ఈ వృత్తాంతమును ఆ ఊరివారు నేటికిని కృతజ్ఞతతో చెప్పుకొందురు. తరువాత 1763 లో ఆ భూములను కుటుంబముల మధ్య పంచుకొనిన భాగపత్రము గ్రామచరిత్రకు ముఖ్యమైన ఆధారము.

అగ్రహారము లభించినను భాగవతుల నడక ఆగలేదు. సుగ్గి ముగిసి గాదెలు నిండిన పిదప మేళము బయలుదేరెడిది. ఆభరణముల పెట్టె, మృదంగము, తాళములు, ముఖవీణ, శ్రుతి, ఒక తెర, ఇవియే వారి సామగ్రి. ఊరు చేరిన పిమ్మట పెద్దలను దర్శించి, వారి అనుమతితో దేవాలయము ముందు పందిరి వేయించెడివారు. రాత్రి భోజనములైన తరువాత మద్దెల మ్రోగించినచో, అదియే ఊరికి పిలుపు. దివిటీలు పట్టువారు రంగస్థలమున కిరువైపుల నిలుచుండిరి. ముఖ్యపాత్ర ప్రవేశించు వేళ దివిటీలపై గుగ్గిలపు పొడి చల్లుదురు. భగ్గుమని మంట లేచి ఆ వెలుగులో పాత్ర ముఖము మెఱయును. విద్యుద్దీపము లేని కాలమున మన రంగస్థలమునకు తెలిసిన దీపవిద్య అదియే.

రాత్రి భాగవతమునకు తోడుగా పగటివేషములను మఱియొక శాఖ కలదు. నడచు నాటకమను మాట దీనికి అక్షరాల చెల్లును. ఇందు పందిరి లేదు, తెర లేదు. వేషధారులు ఊరిలో కొన్ని దినములు విడిది చేసి, దినమున కొక వేషము చొప్పున వీథివీథిని, ఇంటింటిని తిరుగుదురు. ఒకనాడు సోమయాజులు సోమిదేవమ్మ; ఒకనాడు బుడబుక్కలవాడు; మఱియొకనాడు సింగి సింగడు; వేఱొకనాడు గోసాయి, ఫకీరు, కోయదొర. ఆయా కులములవారి భాషను, నడకను, చాదస్తమును, చమత్కారమును చూచి ఊరివారు తమ్ముతామే గుర్తించి నవ్వుకొనెడివారు. కడపట అర్ధనారీశ్వర వేషము వచ్చును. ఒకే దేహము కుడివైపున శివుడు, ఎడమవైపున పార్వతి. ముఖము నడుమ అడ్డముగా పట్టిన వస్త్రమును ఇటునటు త్రిప్పుచు నటుడు ఒకమారు తాండవమును, మఱియొకమారు లాస్యమును ప్రదర్శించును. అన్ని వేషములును ముగిసిన పిదపనే సంభావన స్వీకరించెడివారు. అంతవఱకు ఊరు చూచుచుండును. ఇచ్చునది చివర ఒక్కమాటే.

ఇక దక్షిణమునకు మరలుదము. 1565 లో తళ్ళికోట యుద్ధముతో విజయనగర వైభవము కూలినది. ఆశ్రయము కోల్పోయిన కవులును గాయకులును నటులును తంజావూరు, మధుర మున్నగు నాయక రాజ్యములకు తరలిరి. తంజావూరు నేలిన సేవప్ప నాయకుడు, అచ్యుతప్ప నాయకుడు, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు తెలుగు ప్రభువులు. వారి కొలువులో తెలుగు యక్షగానము మహోన్నత దశ నందెను. రఘునాథుడును విజయరాఘవుడును స్వయముగా కవులు. విజయరాఘవుని ఆస్థానమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించెను. 1670 ల దశకమున నాయకరాజ్యము అంతరించి మహారాష్ట్ర ప్రభువులు వచ్చినను తెలుగు స్థానము చెదరలేదు. శాహజీ మహారాజు మాతృభాష మరాఠీ, ప్రజల భాష తమిళము; అయినను ఆయన పల్లకీసేవా ప్రబంధమును తెలుగున రచించెను. సంగీతమునకును నాటకమునకును తెలుగే తగిన భాషయను అభిప్రాయము ఆనాటి తంజావూరులో అంతగా నాటుకొనియుండెను.

అచ్యుతప్ప నాయకుడు అయిదువందల పది బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును భూములును దానము చేసి, ఒక గ్రామమును నెలకొల్పెననియు, ఆయన పేర దానికి అచ్యుతపురమను నామము కలిగెననియు మేలట్టూరు సంప్రదాయము. ఉన్నతపురమనియు దానికి పేరు. తంజావూరునకు చేరువనున్న ఈ ఊరిలోనే గాక శూలమంగళము, శాలియమంగళము, ఊత్తుక్కాడు, నల్లూరు, తేపెరుమానల్లూరు గ్రామములలోను భాగవతమేళ నాటకము వర్ధిల్లెను. ఈ మేళములలో కనబడు పాత్రప్రవేశ దరువులు, స్త్రీపాత్రలను పురుషులే ధరించుట, నృత్యగీత సంవాదముల కలయిక మన వీథిభాగవతమును తలపించును.

మేలట్టూరు సంగీతచరిత్రలోను మిక్కిలి పేరుగన్న ఊరు. 18వ శతాబ్దిలో ఇచ్చట వెలసిన వీరభద్రయ్య ముత్తుస్వామి దీక్షితుల తండ్రియగు రామస్వామి దీక్షితులకు గురువు. మేలట్టూరు కాశీనాథకవి శబ్దములు నాట్యరంగమున ప్రసిద్ధములు. అనంతరము వెంకటరామశాస్త్రి జన్మించెను. త్యాగరాజునకు సమకాలికుడైన ఈ మహనీయుడు ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, రుక్మాంగదచరిత్రము, మార్కండేయచరిత్రము, హరిశ్చంద్ర, సీతాకళ్యాణము, రుక్మిణీకళ్యాణము, కంసవధ మున్నగు నాటకములను తెలుగున రచించెను. తమిళనాట పుట్టి పెరిగి, తమిళులు చుట్టును ఉండగా, ఒక్క పల్లెలోని దేవాలయము వీథికొఱకు ఒక కవి ఇన్ని తెలుగు నాటకములు వ్రాయుట మన సాహిత్యచరిత్రలో విశేషమైన విషయము.

మేలట్టూరున నాటకకాలము నృసింహజయంతి, అనగా వైశాఖ శుద్ధ చతుర్దశి. వరదరాజస్వామి ఆలయమున కెదురుగా వీథిలో రంగస్థలము నిర్మింతురు. ముఖ్యప్రేక్షకుడు స్వామియే. మొదట కోణంగి ప్రవేశించి తన వికటనృత్యముతో సభను సిద్ధము చేయును. తోడయమంగళము పాడుదురు. తరువాత ఏనుగు ముఖము ధరించిన చిన్న బాలుడు గణపతిగా వచ్చి ఆడి, విఘ్నము లేకుండ దీవించి పోవును. పిదప కథ. హిరణ్యకశిపుడు, లీలావతి, ప్రహ్లాదుడు వరుసగా తమతమ దరువులతో ప్రవేశింతురు. రాత్రి గడచుకొలది తండ్రి కోపమును, తల్లి ఆవేదనయు, కుమారుని నిశ్చలభక్తియు పెరుగుచుండును.

నృసింహుని ముఖవర్ణిక నాటకపు పెట్టెలో పెట్టు వస్తువు కాదు. దానిని ఆలయమునందుంచి పూజింతురు. ఆ వేషము ధరించువాడు ఆ దినమున ఉపవాసముండును. తెల్లవాఱుజామున స్తంభము నుండి స్వామి వెడలిన క్షణమున వీథియంతయు లేచి నిలుచును. హిరణ్యకశిపునకును నృసింహునకును సంవాదము సాగుచుండగా, ఆవేశము మించి నటునకు హాని కలుగునేమోయని కొందఱు నృసింహ వేషధారిని వెనుక నుండి గట్టిగా పట్టుకొని యుందురు. నాటకము ముగియు వేళకు తూర్పు తెల్లబడును. అంతట ప్రేక్షకులు ప్రేక్షకులుగా మిగులక భక్తులై హారతులిచ్చి మ్రొక్కుదురు. ఆటకును అర్చనకును అచ్చట హద్దు లేదు.

కూచిపూడిని, మేలట్టూరును ప్రక్కప్రక్కన నిలిపి చూచిన ఒక భేదము స్పష్టమగును. కూచిపూడివారు తమ ఊరి విద్యను ఊరూర మోసికొని తిరిగిరి. అది వారి జీవనోపాధి. మేలట్టూరువారి నాటకము ఊరు దాటి పోవుటకు ఉద్దేశింపబడినది కాదు. అది స్వామిసన్నిధిలోనే జరుగవలసిన సేవ. కావున అచ్చట నాటకము నడువలేదు, నటులు నడచివచ్చిరి. ఊరిలోని భూములు చేజాఱి, చదువులకును ఉద్యోగములకును కుటుంబములు నగరములకు తరలిన తరువాత ఈ భేదము మఱింత ప్రస్ఫుటమయ్యెను. దూరనగరములలో కార్యాలయములలో పనిచేయు మేలట్టూరువారు ఏటేట సెలవు తీసికొని, నృసింహజయంతికి ఊరు చేరి, తండ్రితాతలు ధరించిన వేషములనే ధరించుచున్నారు. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున ఈ మేళములు క్షీణించి, పలు గ్రామములలో ఆగిపోవు స్థితి వచ్చినప్పుడు, కళాపోషకుడును న్యాయవాదియునైన ఇ. కృష్ణయ్యర్ వీని విలువను లోకమునకు చాటి పునరుద్ధరణకు తోడ్పడెను. ఆయన తమిళుడను సంగతి మనము మఱువరాదు.

భాషను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మేలట్టూరు నటుల ఇంటిభాష నేడు తమిళము. తెలుగు నాటకమును వారు తమిళలిపిలో వ్రాసికొని వల్లింతురు. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. ప, ఫ, బ, భ లకును అంతే. భక్తియని పలుకవలసిన చోట పక్తియని పలుకకుండుటకు సంగీతపు పుస్తకములలో అక్షరము ప్రక్కన చిన్న అంకెలు వేయుట తమిళనాట వాడుక. అంకె చూచి అక్షరమును, గురువు నోరు చూచి ఉచ్చారణమును నేర్చి, రాత్రియంతయు తెలుగు పద్యమును దరువును పలుకుటకు ఎంత శ్రద్ధ కావలెను! కొన్ని పదముల అర్థము పలుకువానికే తెలియకపోవచ్చును. అయినను తప్పు పలికిన స్వామికి అపచారమను భయభక్తులు ఆ తెలుగును నేటివఱకు నిలిపినవి.

మన కుటుంబములలో ఇందుకు విపరీతమైన స్థితి కలదు. హోసూరులో, కోలారులో, బరంపురములో, షోలాపురములో, యానాములో ఇంటిలో తెలుగు మాట వినబడును. అమ్మమ్మ సామెతలు, పెండ్లిపాటలు, వంటింటి పలుకులు మిగిలియున్నవి. కాని పెక్కు ఇండ్లలో పిల్లలకు తెలుగక్షరము రాదు. పద్యము చెవిని పడదు. మేలట్టూరున నాటకము మిగిలి ఇంటిమాట పోయినది. మన యిండ్లలో మాట మిగిలి నాటకము పోయినది. చెఱియొక సగము మిగిలిన అర్ధనారీశ్వరుని వలె నున్నది మన స్థితి. కాని ఆ రెండు సగములను కలుపు దేహము మాత్రము ఇంకను దొరకవలసియున్నది.

ఎల్లలు దాటిన ఈ నాటకము ఇరుగుపొరుగు భాషలను ఎట్లు పలుకరించెనో ఉత్తరదిశను కూడ చూడవచ్చును. గంజాము ప్రాంతమున ఒడియా భాషలో ప్రహ్లాదనాటకము ప్రసిద్ధమైనది. జలంతర సంస్థానాధిపతి రామకృష్ణ ఛోటరాయల పేర అది వెలసినది. అచ్చటను నృసింహుని ముఖవర్ణికను పూజింతురు. దక్షిణదేశపు సంగీతచ్ఛాయ అందు వినబడును. ఒకే కథ కావేరీతీరమున తెలుగున, గంజామున ఒడియాలో రాత్రులు గడుపుచున్నది. సరిహద్దు పల్లెలలో కళ ఏ ఒక్క భాషకును కట్టుబడి యుండదు. మన మున్న చోటి ఇరుగుపొరుగువారి భాషను ప్రేమించుట మన భాషను విడిచిపెట్టుట కాదని పూర్వులు ఆచరించి చూపిరి.

కూచిపూడియు మాఱినది. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రి (1886–1956) ఆ విద్యను స్త్రీలకు నేర్పి, ఏకపాత్ర నృత్యమునకు త్రోవ తీసెను. చింతా కృష్ణమూర్తి మేళమును నడిపి గ్రామములలో యక్షగానమును నిలిపెను. వెంపటి చినసత్యము 1963 లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఆ నాట్యమును దేశదేశముల రంగస్థలములకు చేర్చెను. సత్యభామ పాత్రకు తన పేరునే పర్యాయపదముగా చేసికొనిన వేదాంతము సత్యనారాయణశర్మకు 1970 లో పద్మశ్రీ లభించెను. కీర్తి పెరిగినది, కాని మేళము ఊరూర నడచు రోజులు సన్నగిల్లినవి. సినిమా వచ్చిన తరువాత దివిటీల ముందు రాత్రియంతయు కూర్చుండు ఓపిక ఊళ్ళకును తగ్గినది. పగటివేషముల వారికి ఇచ్చు సంభావనను భిక్షగా భావించు కాలము వచ్చుటతో పెక్కు కుటుంబములు ఆ వృత్తిని విడిచినవి. వంద అడుగుల వేదికపై విద్యుత్కాంతిలో నేడు మనము చూచు కూచిపూడికి వెనుక, దుమ్ముపట్టిన పాదములతో పొలముగట్లపై నడచిన భాగవతులు కలరని మఱువరాదు.

ఈ రెండు పల్లెల చరిత్రనుండి మనకు పనికివచ్చు విషయము లేవి? మొదటిది, బాధ్యత ప్రతి ఇంటికిని చెందుట. సిద్ధేంద్రుని ప్రమాణము ఏ ఒక్క ఇంటిని విడిచిపెట్టలేదు. రెండవది, తిథి నియమము. నృసింహజయంతి ఏటేట తప్పక వచ్చును. దానితోపాటు నాటకమును వచ్చును. వీలు దొరకినప్పుడు చేయుదమనుకొన్న పని ఏనాడును జరుగదు. మూడవది, స్థలము. దేవాలయపు వీథి మాఱలేదు గనుక, ఎక్కడెక్కడనో ఉన్నవారు మరలివచ్చుటకు ఒక చోటు మిగిలినది.

మన సంఘములు ఉగాదికి సమావేశమగుచున్నవి, ఉపన్యాసములు జరుగుచున్నవి, విందులు జరుగుచున్నవి. అవి ఉండవలసినవే. వానితోపాటు ఏటేట ఒక నియతమైన దినమున, ఒక నియతమైన స్థలమున, ప్రతి ఇంటినుండి ఒక్క బాలుడో బాలికయో ఒక్క తెలుగు పద్యమునైనను అక్షరము చూచి చదివి, కంఠస్థము చేసి, సభలో చెప్పు ఆచారమును నెలకొల్పినచో, అది మన సత్యభామ వేషమగును. నేర్పుగలవారు నాటకమాడవచ్చును. నేర్పు లేనివారును ఒక్కమాటు నిలుచుండవలెను. ముఖ్యమైనది ప్రతి ఇంటిపేరును ఆ జాబితాలో ఉండుట.

భాగవతుల మేళము నేడు మన వీథిలోనికి నడచి రాకపోవచ్చును. వారు నడచిన త్రోవ మాత్రము కృష్ణనుండి కావేరి వఱకు ఇంకను ఉన్నది. మనలో వీలున్నవారు ఒక వైశాఖమాసమున పిల్లలను వెంటబెట్టుకొని మేలట్టూరు వెళ్ళి, ఆ వీథిలో ఒక్క రాత్రి కూర్చుండి రావలెనని నా మనవి. ఇంటిలో తమిళము మాటలాడు యువకుడు తెల్లవాఱుజామున ప్రహ్లాదుడై తెలుగున స్తుతించుట విన్న పిల్లవాడు, ఇంటికి వచ్చి అక్షరములు నేర్పుమని తనంతట తానే అడుగును.